స్థానిక వంటకాన్ని పర్యాటకుడు ఎప్పుడు ఆర్డర్ చేస్తాడు?

ప్రశ్న: పర్యాటక ప్రాంతంలో చిన్న హోమ్‌స్టే, దానికి ఆనుకుని భోజనశాల నడుపుతున్నాం. వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడి సంప్రదాయ వంటలు తినాలని ఉందంటారు. తీరా కూర్చున్నాక ఎక్కడైనా దొరికే ఫాస్ట్‌ఫుడ్డే ఆర్డర్ చేస్తారు. వాళ్ల నిర్ణయాన్ని నిజంగా ప్రభావితం చేసేవి ఏమిటి? ఫాస్ట్‌ఫుడ్‌ను మెనూలోంచి తీసేస్తే మన వంట తింటారా?

సమాధానం:

టూర్ గ్రూపుల వెంట చాలా ఏళ్లు తిరిగాను. ఆ తర్వాత హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. మీరు అడిగింది ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే సమస్యే. ముందుగా ఒక మాట. తినాలని ఉందని వాళ్లు మీతో అన్నది మొహమాటానికి కాదు, నిజంగానే ఉంటుంది. ఆ కోరిక ప్రయాణం ప్లాన్ చేసుకునేటప్పుడు, ఫొటోలు చూసేటప్పుడు బలంగా ఉంటుంది. మెనూ చేతికొచ్చేసరికి దాని పక్కన భయం కూడా వచ్చి కూర్చుంటుంది. ఆ రెండింట్లో ఏది గెలిస్తే అదే ఆర్డర్ అవుతుంది. మీలాంటి వాళ్లలో చాలామంది కోరికను పెంచడానికి బోర్డులు పెడతారు, ప్రకటనలు ఇస్తారు. నా అనుభవంలో కోరిక ఇప్పటికే సరిపడా ఉంది. పని చేయాల్సింది భయం మీద.

ఈ భయం పిరికితనం కాదు, మన శరీరంతో పాటు వచ్చింది. మనిషి అన్నీ తినగలడు. కానీ తినేవాటిలో ఏది విషమో పుట్టుకతో తెలియదు. అందుకే కొత్తదాని మీద ఆసక్తి, కొత్తదంటే జంకు రెండూ ఒకే మనిషిలో ఉంటాయని మనస్తత్వవేత్త పాల్ రోజిన్ 1976లోనే రాశారు. ఈ జంకును కొలవడానికి 1992లో ప్యాట్రిషియా ప్లైనర్, కారెన్ హాబ్డెన్ పది వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. దాన్ని ఫుడ్ నియోఫోబియా స్కేల్ అంటారు. పర్యాటకుల మీద చేసే పరిశోధనల్లో ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. అందులో ఒక వాక్యం సారాంశం ఇది: ఏమేం వేశారో తెలియని ఆహారాన్ని నేను రుచి చూడను. మీ భోజనశాలలో రోజూ జరుగుతున్నది దాదాపుగా ఇదే.

దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. నలుగురు వచ్చి కూర్చుంటారు. ఒకరు మెనూ తీసుకుని స్థానిక వంటకాల పేజీ తెరుస్తారు, పేర్లు చదువుతారు. పేర్ల పక్కన ధర తప్ప ఇంకేమీ ఉండదు. ఆయన తలెత్తి పక్క టేబుల్ మీది ప్లేటు చూస్తారు, సర్వర్‌ను పిలిచి ఇదేమిటని అడుగుతారు. "చాలా బాగుంటుంది సార్, ఇక్కడ ఇదే ఫేమస్" అని జవాబు. ఆయన తల ఊపుతారు, మిగతా ముగ్గురి మొహాలు చూస్తారు, పేజీ తిప్పి తెలిసినదేదో చెప్పేస్తారు. మొత్తం ఒక నిమిషం కూడా పట్టదు. బాగుంటుందా అన్నది ఆయన సందేహమే కాదు. అందులో ఏముంది, కారం ఎంత, ఎలా తినాలి, ఎంత వస్తుంది, నచ్చకపోతే ఏం చేయాలి అన్నవి ఆయన సందేహాలు. ఒక్కదానికీ జవాబు దొరకలేదు.

అదే టేబుల్ దగ్గర ఇంకో సర్వర్ ఉంటే ఏమవుతుందో కూడా చూశాను. చిన్న గిన్నెలో రెండు చెంచాల వంటకం తెచ్చి పెడతారు. "ఇందులో ఇవి వేస్తాం, కాసేపు ఉడికించి పోపు పెడతాం. పులుపు ముందు తగులుతుంది, కారం కొద్దిగానే. అన్నంలో కలుపుకుని తింటారు" అని చెప్పి పక్కకు వెళ్లిపోతారు. అలా పక్కకు వెళ్లడం కూడా ముఖ్యమే. ఎదురుగా నిలబడి మొహం చూస్తూ ఉంటే రుచి చూడటం పరీక్షలా మారిపోతుంది. ఒకరు చెంచా పెడతారు, రెండోవారికి ఇస్తారు. నలుగురిలో ఇద్దరైనా ఆర్డర్ చేస్తారు. వంట అదే, వంటవాడూ అదే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. అది సిగ్గు. ఏ వంటకాన్ని దేనితో కలపాలో, చేత్తో తినాలో చెంచాతోనో, పక్కన పెట్టింది ముందు తినాలో చివర్లోనో తెలియకపోతే, నలుగురిలో తప్పుగా తింటానేమోనని మనిషి ముడుచుకుంటాడు. ఈ సంగతి నోరు తెరిచి ఎవరూ చెప్పరు. ఆకలి లేదంటారు, లేకపోతే తేలిగ్గా ఏదైనా చాలంటారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లలో ఈ బెరుకు ఇంకా ఎక్కువగా చూశాను. తినే పద్ధతిని అడక్కముందే మామూలుగా చెప్పేస్తే ఇది పోతుంది. చేసి చూపిస్తే ఇంకా మంచిది.

ఏ పదార్థంతో చేశారన్నది కూడా చాలా పెద్ద విషయం. కొత్త ఆహారాల్లో జంతు సంబంధమైనవాటిని జనం ఎక్కువగా తిరస్కరిస్తారని ప్లైనర్, మార్సియా పెల్చాట్ 1991లో చూపించారు. కొత్త కూరగాయ కన్నా కొత్త మాంసం, లోపలి అవయవాలు, పులియబెట్టిన చేప లాంటివి చాలా కష్టం. కాబట్టి మీ ప్రాంతంలో అన్నిటికన్నా విచిత్రంగా కనిపించే వంటకమే మీకు గర్వకారణం కావచ్చు గానీ, దాన్ని మొదటిరోజు అతిథి ముందు పెట్టకండి. ధాన్యం, పప్పు, కూరగాయ, పండుతో చేసినదాన్ని మొదట పెట్టండి. అది నచ్చినవాళ్లే రెండోరోజు రెండోదాని గురించి అడుగుతారు. తెలిసిన రుచి ఒకటి తోడుంటే తెలియని పదార్థాన్ని తినడం తేలికవుతుందని కూడా ప్లైనర్ బృందం చేసిన ప్రయోగాల్లో తేలింది. కొత్త వంటకం పక్కన వాళ్లకు అలవాటైన సాసో, రొట్టెముక్కో ఉంటే అది వంటకానికి అవమానం కాదు. దాని మీదుగానే వాళ్లు మీ వంట దగ్గరకు వస్తారు.

ఇక ఆరోగ్యం. కొత్త చోట తింటే కడుపు పాడవుతుందన్న భయానికి ఆధారం ఉంది. రెండు వారాల ప్రయాణంలో, వెళ్లే ప్రాంతాన్నీ కాలాన్నీ బట్టి 30 నుంచి 70 శాతం మందికి ప్రయాణికుల విరేచనాలు రావచ్చని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. నాలుగు రోజుల సెలవులో రెండు రోజులు బాత్‌రూమ్‌లో గడపాలని ఎవరూ అనుకోరు. "మా దగ్గర అంతా శుభ్రం" అన్న బోర్డు ఈ భయాన్ని తగ్గించదు. కళ్లకు కనిపించే శుభ్రత తగ్గిస్తుంది. వంటగది కనిపించాలి, వడ్డించే చేతులు కనిపించాలి, నీళ్ల సీసా మూత వాళ్ల ముందే తియ్యాలి. సింగపూర్‌లో వీధి ఆహారపు స్టాళ్లకు 1997 నుంచి ఎ, బి, సి, డి గ్రేడులు ఇచ్చి, ఆ అక్షరం కొనేవాళ్లకు కనిపించేలా పెట్టించారు. ఆ ఊరి పేరు ఒక్కసారి కూడా వినని పర్యాటకుడు సైతం ఆ అక్షరం చూసి నిర్ణయం తీసుకోగలడు. అక్కడి హాకర్ సంస్కృతికి, అంటే వీధి ఆహారపు స్టాళ్ల సంప్రదాయానికి, 2020లో యునెస్కో గుర్తింపు వచ్చిందంటే దాని వెనక ఇలాంటి క్రమశిక్షణ చాలా ఏళ్లు నడిచింది.

వేడి సంగతి విడిగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రాల ప్రకారం ఆహారం లోపలి దాకా 70 డిగ్రీల సెల్సియస్ వేడెక్కేలా వండాలి. వడ్డించేదాకా 60 డిగ్రీల పైన ఉంచాలి, లేదంటే 5 డిగ్రీల లోపు చల్లగా ఉంచాలి. చాలాచోట్ల సంప్రదాయ వంటకాలను పొద్దున్నే వండి బఫేలో గోరువెచ్చగా పెడతారు, ఫాస్ట్‌ఫుడ్‌ను మాత్రం ఆర్డర్ ఇచ్చాక పొగలు కక్కుతూ తెస్తారు. ప్రయాణంలో ఉన్నవాడు పొగ వచ్చేదాన్నే నమ్ముతాడు, అందులో తప్పు లేదు. మీ దగ్గర ఇలాగే జరుగుతోందేమో చూసుకోండి. జరుగుతుంటే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

కారం గురించి స్థానికులకు ఒక అపోహ ఉంటుంది. తినలేనివాళ్లు సుకుమారులని, ధైర్యం లేనివాళ్లని అనుకుంటారు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థం నోటిలోని వేడిని గుర్తించే నరాల మీద పనిచేస్తుంది. తరచూ తినేవాళ్లకు అలవాటవుతుంది, ఎప్పుడూ తిననివాళ్లకు అది నిజమైన మంటే. పాల విషయమూ అంతే. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను సరిగా అరిగించుకోలేనివాళ్లు ప్రపంచంలో సుమారు మూడింట రెండొంతుల మంది. వీళ్లు వద్దంటే సంస్కృతిని తిరస్కరించినట్టు కాదు. వంటలో కారాన్ని తగ్గించి రుచిని చప్పబరచడం కన్నా, కారాన్ని విడిగా గిన్నెలో ఇవ్వడం నాకు ఎక్కువ నచ్చిన పద్ధతి. పులుపు, పోపు, వాసన అలాగే ఉంటాయి. మంట ఎంత కావాలో తినేవాళ్లే తేల్చుకుంటారు.

అలర్జీలు ఉన్నవాళ్లకు ఇది ఇష్టాయిష్టాల సమస్య కాదు, ప్రాణ సమస్య. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబర్ నుంచి హోటళ్లు కూడా 14 రకాల అలర్జీ పదార్థాల వివరాలు ఇవ్వాలి. అక్కడినుంచి వచ్చేవాళ్లకు ఆ వివరం అడగడం అలవాటు. వేరుశనగ, నువ్వులు, గోధుమ, పాలు, గుడ్డు, చేప ఉన్నాయో లేవో మెనూలో గుర్తు పెడితే వాళ్లకు సగం టెన్షన్ తగ్గిపోతుంది. మతం, నమ్మకం విషయంలో కూడా ఇదే కచ్చితత్వం కావాలి. హలాల్ మాత్రమే తినేవాళ్లు, యూదుల ఆహార నియమాలైన కోషర్ పాటించేవాళ్లు, శాకాహారులు, ఉపవాస నియమాలున్నవాళ్లు పైకి కనిపించే ముక్కల గురించే కాదు, రసంలో వేసిన ఎముకల నీళ్ల గురించి, వేయించడానికి వాడిన కొవ్వు గురించి కూడా అడుగుతారు. "పరవాలేదు, తెలియదులే" అని ఒక్కసారి అబద్ధం చెప్పిన చోట, తర్వాత ఎన్ని నిజాలు చెప్పినా ఎవరూ నమ్మరు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

పర్యాటకుల ఆహార ఎంపిక మీద ఏవేవి పనిచేస్తాయో అథీనా మ్యాక్, మరో ముగ్గురు పరిశోధకులు 2012లో ఐదు వర్గాలుగా పెట్టారు: సంస్కృతి-మతం, వయసు-చదువు లాంటి సామాజిక వివరాలు, ఆహారం పట్ల వ్యక్తి స్వభావం, ముందున్న పరిచయం, ప్రేరణలు. వయసు, చదువు, ఆడా మగా తేడాలు లెక్కల్లో కనిపిస్తాయి గానీ, టేబుల్ దగ్గర నిలబడిన మనిషికి వాటితో పెద్దగా ఉపయోగం లేదు. వచ్చినవారి వయసును మీరు మార్చలేరు. పరిచయాన్ని మాత్రం మార్చగలరు, అందుకే దాని మీద ఎక్కువ చెబుతున్నాను.

ఒకదాన్ని ఊరికే పదేపదే చూసినా దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయోంక్ 1968లో చూపించారు. ఆహారానికీ ఇది వర్తిస్తుంది. తమ ఊళ్లో వలస వచ్చినవాళ్ల హోటల్లో ఒకసారి తిన్న వంటకాన్ని, ఆ దేశానికి వెళ్లినప్పుడు జనం జంకు లేకుండా ఆర్డర్ చేస్తారు. థాయ్‌లాండ్ ప్రభుత్వం 2002లో విదేశాల్లో థాయ్ హోటళ్లను పెంచే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఈ లెక్క కూడా అందులో ఉంది. విదేశంలో తిన్నవాడు రేపు పర్యాటకుడిగా వస్తాడు. మీ దగ్గర అంత బడ్జెట్ ఉండదు, అవసరం కూడా లేదు. గదిలో దిగగానే ఇచ్చే చిరుతిండి స్థానికమైనదై ఉండనివ్వండి. వంటగది ముందు నుంచే గదికి వెళ్లేలా దారి ఉంటే పోపు వాసన వాళ్లకు ముందే తెలుస్తుంది. సాయంత్రం మెనూ తెరిచేసరికి ఆ పేరు మొదటిసారి చదివినట్టు ఉండదు.

ఏ రోజు, ఏ పూట అన్నది పుస్తకాల్లో తక్కువగా, అనుభవంలో ఎక్కువగా కనిపించే సంగతి. సుదూర ప్రయాణం చేసి దిగిన మొదటి పూట మనిషికి తెలిసిన తిండే కావాలి. అలసటలో సాహసం చేయాలనిపించదు. రెండోరోజు మధ్యాహ్నం నుంచి ధైర్యం మొదలవుతుంది. వారం దాటితే మళ్లీ ఇంటి తిండి మీదికి మనసు పోతుంది. మూడు పూటల్లో ఉదయం టిఫిన్ దగ్గర అందరూ పట్టుదలగా ఉంటారు. రాత్రి కొత్త వంటకం ఇష్టంగా తిన్న మనిషి కూడా పొద్దున్న తన టీ, తన రొట్టె అడుగుతాడు. మీ ప్రయోగాలన్నీ మధ్యాహ్నం, సాయంత్రం పూటలకు పెట్టుకోండి. ఒక్కరోజులో వచ్చి వెళ్లేవాళ్ల మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి, చిన్న రుచి చూపించగలిగితే చాలు.

ఎవరితో వచ్చారన్నదీ అంతే బలమైనది. చిన్నపిల్లలతో వచ్చిన తల్లిదండ్రులకు పిల్లల కడుపు నిండటమే ముందు. రెండేళ్లు దాటాక కొన్నేళ్లపాటు పిల్లల్లో కొత్త తిండి మీద జంకు బాగా ఎక్కువ. పిల్లలకు తెలిసింది పెట్టేస్తే పెద్దవాళ్లు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని తమ కోసం కొత్తది అడుగుతారు. ఫాస్ట్‌ఫుడ్‌ను పూర్తిగా తీసేయకండి అనడానికి ఇదొక కారణం. గుంపుగా వచ్చినవాళ్లలో ఒక్కరు ఉత్సాహవంతులైతే మిగతావాళ్లు కదులుతారు, ఒక్కరు మొహం చిట్లిస్తే అందరూ ఆగిపోతారు. ఆ ఉత్సాహవంతుణ్ని గుర్తుపట్టడం మంచి సర్వర్ నేర్చుకోవాల్సిన మొదటి విద్య. పక్క ప్లేటు చూసి ఆసక్తిగా అడిగే మనిషే ఆయన. రుచి చూపే గిన్నె ముందుగా ఆయన ముందే పెట్టాలి.

ఇంత చెప్పాక కోరిక వైపు కూడా కాస్త చూద్దాం. యోంగ్ గుగ్ కిమ్, అనితా ఈవ్స్, కరోలిన్ స్కార్ల్స్ 2009లో 20 మందితో మాట్లాడి రాసిన పరిశోధనలో ప్రేరణల జాబితా ఉంది. ఉత్సాహం, రోజువారీ జీవితం నుంచి విడుదల, కొత్త విషయం తెలుసుకోవడం, అసలైనది అనుభవించడం, నలుగురితో కలిసి తినడం, ఇంటికి వెళ్లాక చెప్పుకోవడానికి ఒక గొప్ప, ఆరోగ్యం లాంటివి అందులో ఉన్నాయి. వీటిలో అసలైనది తిన్నామన్న తృప్తి నేను చూసినంతలో చాలా బలమైనది. దాన్ని నటిస్తే మాత్రం ఇట్టే దొరికిపోతుంది. పర్యాటకుల కోసం ప్రత్యేకంగా అమర్చిన అసలుదనం గురించి సమాజశాస్త్రవేత్త డీన్ మెకానెల్ 1973లోనే హెచ్చరించారు. వేషాలు, పాత సామాన్లు తగిలించిన గోడలు అక్కర్లేదు. మీ ఇంట్లోవాళ్లు, పనివాళ్లు అదే వంట అక్కడే కూర్చుని తింటూ కనిపిస్తే చాలు. స్థానికులు తినే చోటు అన్నదాన్ని మించిన హామీ పర్యాటకుడికి లేదు.

యునెస్కో జాబితా, హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ లాంటి గుర్తింపులు కూడా ఇలాంటి హామీ కిందే పనిచేస్తాయి. 2010లో మెక్సికో సంప్రదాయ వంట, 2013లో జపాన్ సంప్రదాయ భోజన పద్ధతి వాషోకు యునెస్కో జాబితాలో చేరాయి. 2016లో సింగపూర్‌లో వీధి స్టాళ్లకు మిషెలిన్ నక్షత్రం వచ్చింది. అంతకుముందు సందేహంగా చూసినవాళ్లు కూడా ఆ తర్వాత క్యూలో నిలబడ్డారు. ఫొటోల బలం కూడా తక్కువ కాదు. జపాన్‌లో చాలా హోటళ్లు అద్దాల వెనక వంటకాల నమూనాలు అచ్చంగా నిజమైనవే అన్నట్టు తయారుచేసి పెడతాయి. ఒక్క మాట చదవలేని మనిషి కూడా పరిమాణం, పదార్థాలు, ధర చూసి వేలితో చూపించి ఆర్డర్ చేయగలడు. మీరు మెనూలో పెట్టే ఫొటో మాత్రం మీ వంటగదిలో వండినదే కావాలి. ప్లేటులో వచ్చింది ఫొటోలా లేకపోతే మర్నాడే రివ్యూలో కనిపిస్తుంది.

ధర గురించి ఒక్క మాట. పర్యాటకుడు ఎక్కువ ధరకు అంతగా భయపడడు, మోసపోతానేమోనని భయపడతాడు. ధర రాసి ఉంటే, స్థానికులకూ అదే ధరైతే ఆ అనుమానం ఉండదు. సగం ప్లేటు తప్పకుండా పెట్టండి. నచ్చకపోతే పోయేది తక్కువని తెలిస్తే ప్రయత్నించడం తేలిక.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. ఫాస్ట్‌ఫుడ్ తీసేస్తే మీ వంట తినరు, పక్క హోటల్‌కు వెళ్తారు. ఎరిక్ కోహెన్, నిర్ అవియేలి 2004లో రాసిన వ్యాసంలో స్థానిక ఆహారం ఆకర్షణే కాదు, అడ్డంకి కూడా అని చెప్పారు. పర్యాటకులకు అనువుగా కాస్త సర్దిన చోట్లు మధ్యవర్తుల్లా ఆ అడ్డంకిని దాటిస్తాయని వాళ్ల వాదన. మీ భోజనశాల అలాంటి చోటు కాగలదు. తెలిసిన వంటకాలను మెనూ చివరి పేజీకి పంపి, మొదటి పేజీలో ఐదారు స్థానిక వంటకాలు మాత్రమే ఉంచండి. ఇరవై పేర్లు పెడితే ఎవరూ తేల్చుకోలేరు. ప్రతిదాని కింద రెండు వరుసల్లో ఏముంది, కారం ఎంత, ఎలా తినాలి అన్నవి రాయండి. ఆరోగ్యానికి మంచిదని పొగడటం కన్నా రుచి ఎలా ఉంటుందో చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది. సెలవుల్లో వచ్చిన మనిషి ఔషధం కోసం రాలేదు. తెలిసిన వంటకం ఆర్డర్ చేసినవాళ్లకు కూడా పక్కన చిన్న గిన్నెలో స్థానికమైనది ఒకటి ఉచితంగా పెట్టండి.

ఒక నెల ఇలా చేసి, ఏ గిన్నెలు ఖాళీగా తిరిగొస్తున్నాయో, ఏవి సగంలో వదిలేస్తున్నారో వంటగదిలో ఎంగిలి ప్లేట్లు తీసేవాళ్లను అడిగి రాసుకోండి. సర్వర్‌తో అతిథులు మర్యాదకు బాగుందనే అంటారు. ఖాళీ అయిన గిన్నెలోది మొదటి పేజీ పైకి తీసుకురండి. వదిలేసినదాన్ని వెంటనే తీసేయకుండా, ముందు వేడిగా పెడుతున్నారో లేదో చూడండి. ఆ తర్వాత కారం విడిగా ఇచ్చి చూడండి. అప్పటికీ వదిలేస్తుంటే దాన్ని అడిగినవాళ్లకే వండండి.